ఊరు చూశాకే పెళ్లి

పెదలంకపేట పురపాలక సంఘానికి ఒకరోజు ఉన్నట్టుండి పౌరుషం పొడుచుకొచ్చింది. వచ్చింది మురుగుకాల్వల మీద కాదు, దోమల మీద కాదు. పెళ్లిళ్ల మీద.

ఆ ఊళ్లో కల్యాణ మండపాలకు కొదవ లేదు. చుట్టుపక్కల లంకలకూ పల్లెలకూ అదే పెద్ద ఊరు. మాఘమాసం వచ్చిందంటే చాలు, ఎక్కడెక్కడి చుట్టాలో బస్సులు దిగి, మండపంలో దూరి, నాలుగు అక్షింతలు విసిరి, సుష్టుగా భోంచేసి, తాంబూలం సంచి చంకన పెట్టుకుని మళ్లీ బస్సెక్కేస్తారు. ఊరి మొహం వైపు కన్నెత్తి చూసిన పాపాన పోరు. కౌన్సిల్లో ఎవరో ఈ సంగతి ఎత్తారు. "అంటే మన ఊళ్లో చూడ్డానికేమీ లేదనా వాళ్ల ఉద్దేశం?" అని ఇంకొకాయన బల్ల గుద్దాడు. ఏముందని ఎదురడిగే ధైర్యం ఎవరికీ లేకపోవడంతో తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

మొదటి ఏడాది అది ఉత్త సిఫారసే. పెళ్లికి వచ్చేవాళ్లు చూడదగ్గ చోట్లు, తినదగ్గ చోట్లు శుభలేఖ వెనకవైపు అచ్చువేయించాలన్నారు, వేయించారు. శుభలేఖ ముందువైపే జనం సరిగ్గా చదవరు, ముహూర్తం ఎన్నింటికో ఫోన్ చేసి అడుగుతారు. ఇక వెనకవైపు ఎవరు చదువుతారు? అందుకని రెండో ఏడాది దాన్ని 'తప్పనిసరి సిఫారసు' చేశారు. సిఫారసు తప్పనిసరి ఎలా అవుతుందండీ అని ఒక వకీలుగారు అడిగితే, సందర్శన ప్రోత్సాహక అధికారి చక్రధరంగారు ఓపికగా విడమరిచి చెప్పారు. "పాటించుట తమ ఇష్టమండీ. ఇష్టపడుట మాత్రమే తప్పనిసరి."

చక్రధరంగారు చెడ్డవారు కాదు. చేయి చాపరు, అబద్ధమాడరు, ఎవరి మీదా గొంతు పెంచరు. రూలంటే ప్రాణం పెడతారు. ఊరికి అదే వచ్చిపడింది. జనం ఇష్టపడుతున్నారో లేదో తేలడానికి ఆయనే ఉపాయం కనిపెట్టారు. ఎన్నికలప్పుడు వేలికి పెట్టేలాంటి చెరగని సిరా. బయటి ఊరి నుంచి పెళ్లికొచ్చిన ప్రతి మనిషీ నాలుగు దర్శనీయ స్థలాలు చూడాలి, సిఫారసు చేసిన హోటల్లో ఒకసారి తినాలి. చోటుకొక వేలి చొప్పున ఎడమచేతి వేళ్లకు సిరా పెడతారు. ఎడమచేతి ఐదు వేళ్లూ నల్లబడితేగాని మండపంలో కుడిచేతి ఐదు వేళ్లూ నోట్లోకి వెళ్లవు.

ఇదంతా జరిగిందని తునిలో ఉన్న తాతబ్బాయికి తెలియదు. ఆయన బ్యాటరీలు బాగుచేసే కొట్టు పెట్టుకుని, తన పనేమిటో తానేమిటో అన్నట్టు బతుకుతున్న మనిషి. పుట్టిందీ పెరిగిందీ పెదలంకపేటలోనే. అమ్మా నాన్నా పోయాక ఆ ఊళ్లో ఆయనకు మిగిలింది అక్క రత్నం ఒక్కతే. ఆ రత్నం కూడా నాలుగేళ్ల కిందట జబ్బుచేసి పోయింది. ఇప్పుడు ఆమె ఒక్కగానొక్క కూతురు భువనకు పెళ్లి. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి మోసుకురావలసింది మేనమామ. తల్లి తరఫున ఆ పెళ్లిలో ఉన్నది ఆయనొక్కడే. తను గంప ఎత్తకపోతే అక్కకు ఆ పెళ్లిలో భాగమే లేనట్టని తాతబ్బాయికి అనిపించింది. అందుకే గంప ఎక్కడో కొనకుండా మేదర వీధిలో దగ్గర కూర్చుని అల్లించాడు. వాళ్లు ముందురోజు సాయంత్రానికిగాని చేతికివ్వలేదు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన ఆ గంపను తలమీద పెట్టుకుని, పెళ్లి పొద్దున్నే పెదలంకపేటలో రైలు దిగాడు.

మండపం గేటు ముందు ఒక షామియానా, దాని కింద ఒక బల్ల. బల్ల వెనక తెల్లచొక్కాలో చక్రధరంగారు.

"నమస్కారమండీ. తమరు స్థానికులా, స్థానికేతరులా?"

"పెళ్లికూతురి మేనమావనండి."

"బంధుత్వం కాదండీ, నివాసం అడిగాను."

"ఉండేది తునిలోనండి. పుట్టింది మాత్రం ఇక్కడేనండి. అదిగో, ఆ రైసుమిల్లు ఎనకాల వీధి."

"పుట్టుక ప్రాతిపదిక కానేరదండీ. ఊరు చూడటానికని ఎవరూ పుట్టరు గదా."

"పుట్టి ఊరుకోలేదండి బాబూ, పెళ్లయ్యేదాకా ఇక్కడే పెరిగాను."

"తమరు పెరిగినది పూర్వ పట్టణం. ప్రస్తుత పట్టణాన్ని తమరు సందర్శించి ఉండలేదు." చక్రధరంగారి గొంతులో నిజంగానే జాలి ధ్వనించింది. "ఎంత కోల్పోయారో తమకే తెలియదు. బస్సు సిద్ధంగా ఉంది, దయచేయండి."

గేటు లోపల్నుంచి బావ నూకరాజు పరిగెత్తుకొచ్చాడు. పెళ్లికూతురి తండ్రికి ఉండాల్సిన హడావిడికి రెట్టింపు హడావిడి ఆయన మొహంలో ఉంది.

"ఏటి బావా ఇది?" అన్నాడు తాతబ్బాయి.

"ఏం చెప్పమంటావు తాతబ్బాయ్! చుట్టాలకే అనుకున్నాను గానీ మేనమావకి కూడా అంటారనుకోలేదు. పెళ్లికొడుకునే వదల్లేదు. బాసికం కట్టుకున్నవాణ్ని కట్టుకున్నట్టే బస్సులో కూకోబెట్టారు. పంతులుగారిదీ పక్కూరేనంట, ఆయన్నీ ఎక్కించేశారు. సన్నాయోళ్లనీ ఎక్కించేశారు. వంటోళ్లని నిన్ననే తిప్పి తీసుకొచ్చారు, అందుకే గారెపిండి ఇంకా రుబ్బుతూనే ఉన్నారు."

మేడమీద కిటికీలోంచి భువన తొంగిచూసింది. తలనిండా పూలు, బుగ్గన చుక్క. నవ్వితే అచ్చం రత్నమే.

"మావయ్యా, టయానికి వచ్చేత్తావుగా?"

"వచ్చేత్తానమ్మా. ఊరెంతుందని!" అని తాతబ్బాయి గంపతో సహా బస్సెక్కాడు. ముహూర్తం పదీ ఇరవైకి.

బస్సులో సగం పెళ్లి ఉంది. ముందు సీట్లో పెళ్లికొడుకు నాగదీపు, పక్కన అతని పెద్దమ్మ సూరాయమ్మ. మోకాళ్ల నొప్పులమనిషి, మోకాళ్లు ఎంత మొండికేసినా నోరు మాత్రం చురుకే. వెనక సోమయాజులు పంతులుగారు పంచాంగం గుండెలకు హత్తుకుని కూర్చున్నారు. ఆయన వెనక సన్నాయివాళ్లు. గైడు పేరు ఏసుపాదం. అసలు ఉద్యోగం ఇంటిపన్ను వసూలు. అధికారులు రాసిచ్చిన మాటలు కంఠతా పట్టి గ్రాంథికంలో అప్పజెబుతాడు, ఎవరైనా ప్రశ్న వేస్తే మాత్రం మామూలు మనిషైపోతాడు.

మొదటి దర్శనీయ స్థలం నీళ్ల ట్యాంకు. అందర్నీ దింపి దాని కింద నిలబెట్టారు.

"ఇది పట్టణమునకు తలమానికమైన జలాశయము. నిర్మించిన నాటినుండి నేటివరకు ఇందు ఒక్క చుక్కయినను కలుషిత జలము నిలిచి ఉండలేదు!" అన్నాడు ఏసుపాదం చేయెత్తి.

"మంచినీళ్లో?" అంది సూరాయమ్మ.

"అయ్యీ లేవండి. అసలు నీళ్లే ఎక్కించలేదండి. పైపులు రావాలి."

"మరి ఏం చూడమంటావు నాయనా?"

"ఎత్తు చూడండమ్మా."

అందరూ మెడలు వెనక్కి వాల్చి ఎత్తు చూశారు. బొటనవేళ్లకు సిరా పడింది.

రెండోది గడియార స్తంభం. దానికి నాలుగు వైపులా నాలుగు గడియారాలు. నాలుగూ నడుస్తున్నాయి, ఏ రెండూ ఒక మాట మీద లేవు. ఇది దేశ దేశాల కాలమానములను ఒక్కచోట దర్శింపజేయు అపూర్వ కట్టడమని ఏసుపాదం అప్పజెప్పాడు. పంతులుగారు చుట్టూ ప్రదక్షిణం చేసి కంగారుపడిపోయారు. తూర్పు వైపు నుంచి చూస్తే ముహూర్తం దాటిపోయింది, పడమటి వైపు నుంచి చూస్తే ఇంకా కోడికూయలేదు.

"ఏది నిజమయ్యా?"

"పంతులుగారూ, జనం ఎవరికి అనువైన వైపు వాళ్లు నిలబడతారండి," అన్నాడు ఏసుపాదం. పంతులుగారు పడమటి వైపుకెళ్లి నిలబడి కాస్త కుదుటపడ్డారు.

మూడోది వంతెన. కాలువ మధ్యలో రెండు స్తంభాల మీద చక్కగా కట్టారు. ఇటు ఒడ్డునుంచి దానిమీదికి దారి లేదు, దానిమీద నుంచి అటు ఒడ్డుకూ దారి లేదు. నిచ్చెన వేసి ఎక్కించారు, కాసేపు నిలబెట్టారు, మళ్లీ అదే నిచ్చెన మీద దింపారు. సూరాయమ్మను ఎక్కించడానికి ఇద్దరు, దింపడానికి నలుగురు పట్టారు. పైన ఉన్నంతసేపూ ఆవిడ కిందికి చూడకుండా వెంకన్నబాబుని తలుచుకుంది.

తాతబ్బాయి మాత్రం కిందికే చూశాడు. ఆ రేవు ఆయనకు తెలుసు. వంతెన పుట్టకముందు అక్కడ పడవ ఉండేది. "బాబూ, మా అక్క, అంటే నీకు అత్తగారన్నమాట, పడవంటే భయపడేది," అన్నాడు పెళ్లికొడుకుతో. "బడికెళ్లాలంటే ఈ కాలవ దాటాలి. నాకంటే మూడేళ్లు పెద్దది, అయినా నా వీపు మీద మొహం దాచుకుని కూకునేది. ఒడ్డు చేరాక మాత్రం నన్నే భయపడ్డావని ఎక్కిరించేది."

నాగదీపు నవ్వి, "ఎక్కడండీ ఆ రేవు?" అని వంగి చూడబోయాడు.

ఏసుపాదం ఇబ్బందిగా దగ్గాడు. "అది దర్శనీయ స్థలాల్లో లేదండి. చూడకూడదని కాదు గానీ, చూసినా సిరా పెట్టలేనండి."

నాలుగోది సూర్యాస్తమయ కేంద్రం. ఊరి చెత్తంతా పోసీ పోసీ ఒక గుట్టయితే, దానికి మెట్లు కట్టి రంగులు వేశారు. అక్కణ్నుంచి పొద్దుగుంకడం చాలా బాగుంటుందట. పెళ్లిళ్లేమో పగటిపూటవి, పొద్దుగుంకేదాకా ఆగితే ముహూర్తాలు దాటిపోతాయి. అధికారులు జనం ఇబ్బంది గుర్తించకపోలేదు. ఒక పెద్ద ప్లైవుడ్ చక్రానికి నారింజరంగు వేయించి, రెండు స్తంభాల మధ్య తాడుకు వేలాడదీశారు. బస్సు వచ్చినప్పుడల్లా ఒక మనిషి తాడు వదులుతాడు, సూర్యుడు మెల్లగా ముళ్లకంప వెనక్కి దిగుతాడు. జనం చప్పట్లు కొట్టాలి.

ఆ రోజు సూర్యుడు సగం దిగి తాడు తిరిగే కప్పీలో ఇరుక్కున్నాడు.

తాడు లాగారు, ఊపారు, రాళ్లు విసిరారు. కదల్లేదు. నెత్తిమీద అసలు సూర్యుడు చుర్రుమంటున్నాడు, ఎదురుగా నకిలీ సూర్యుడు మొండికేశాడు. తాతబ్బాయి బతిమాలాడు. "బాబూ, కుంకినట్టే అనుకుని సిరా పెట్టెయ్యి. నీకు పుణ్యముంటది."

"నాకూ పెట్టాలనే ఉందండి. కానీ కుంకకుండా కుంకిందని పెడితే నా ఉద్యోగం కుంకుద్దండి," అని ఏసుపాదం చక్రధరంగారికి ఫోన్ కలిపాడు. అవతల నిబంధనలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. చివరికి జవాబొచ్చింది. "పాక్షిక అస్తమయమునకు పాక్షిక సిరా ఇవ్వవచ్చును. నేడు మాత్రమే. ఇకముందు వచ్చేవారికి ఇది వర్తించదు."

అందరి ఉంగరపువేళ్లకూ సగం గోరు దాకా సిరా పడింది. తాతబ్బాయి ఒక్క గంతులో బస్సెక్కాడు.

ఇక మిగిలింది చిటికెనవేలు, అంటే భోజనం. సిఫారసు చేసిన హోటలు ముందు అప్పటికే ఇంకో రెండు పెళ్లిళ్ల బస్సులు ఆగి ఉన్నాయి. లోపల పట్టుచీరలూ పట్టుపంచెలూ వరసగా కూర్చుని పెసరట్లు తింటున్నాయి. తిన్నవాళ్లు గల్లా పక్కన నిలబడ్డ ఉద్యోగితో 'బాగుంది' అనాలి. 'పర్వాలేదు' అన్నవాళ్లకు ఇంకో అట్టు వేసి మళ్లీ అడుగుతారు. కాకినాడ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నిజం చెప్పే అలవాటున్నవాడు కాబోలు, మూడో అట్టు దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు.

సూరాయమ్మ తెలివైనది. అట్టు ఆకులో పడకముందే "బాగుంది నాయనా, చాలా బాగుంది" అనేసి ఒక్క అట్టుతో గట్టెక్కింది. మగపెళ్లివారంతా అదే దారి పట్టి, వేళ్లు నల్లచేసుకుని బయటపడ్డారు. చిక్కంతా ముగ్గురి దగ్గరే వచ్చింది. తాళి కట్టేదాకా పెళ్లికొడుకు ఏమీ తినకూడదు. ముహూర్తం జరిపించేదాకా పంతులుగారూ మంచినీళ్లు ముట్టరు. తాతబ్బాయిది మొక్కు. పిల్లను పీటల మీద దింపేదాకా ఉపవాసమని రాత్రి రైలెక్కేముందే అనుకున్నాడు.

"తినకుండా బాగుందంటామండి," అన్నాడు తాతబ్బాయి.

"తిననోళ్ల మాట చెల్లదండి. అలాగైతే తిన్నోళ్లు కూడా తినకుండానే అందామంటారు," అన్నాడు ఉద్యోగి. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

బస్సు మండపం ముందు ఆగేసరికి ముహూర్తానికి అరగంట కూడా లేదు. ఐదు వేళ్లూ నల్లబడ్డవాళ్లు దర్జాగా లోపలికి వెళ్లిపోయారు. పెళ్లి చూడ్డానికి రావలసినవాళ్లంతా లోపల, పెళ్లి చెయ్యవలసినవాళ్లంతా బయట. తాతబ్బాయి గంప కింద పెట్టి, చేతులు జోడించి, చక్రధరంగారికి ఉపవాసం సంగతి చెప్పుకున్నాడు.

"తమ నిష్ఠ ప్రశంసనీయమండీ," అన్నారాయన. "అయితే అతిథిని పస్తుతో లోనికి పంపినచో, పెదలంకపేట ఆకలితో పంపిందన్న అపకీర్తి ఊరికి శాశ్వతంగా మిగులుతుంది."

గేటు లోపల నూకరాజు తల పట్టుకున్నాడు. "బాబూ, లోపల నాలుగొందల మందికి వండించానండి! గుత్తొంకాయ, పనసపొట్టు కూర, బూరెలు! పస్తెందుకుంటారండీ?"

"అవి సిఫారసు జాబితాలో లేవు. తమరు దరఖాస్తు పెట్టుకోవచ్చును. రుచి పరిశీలనా సంఘం వచ్చే నెల సమావేశమవుతుంది."

"వచ్చే నెల మూఢమండీ!" అని అరిచారు పంతులుగారు. "ఈ ముహూర్తం తప్పితే మళ్లీ వేసవి దాటాక!"

నూకరాజు గేటు ఊచలు పట్టుకుని కూలబడిపోయాడు. తాతబ్బాయికి తప్పు తనదేననిపించింది. ఒక్కపూట ముందు వచ్చుంటే, ఆ గంప అంగట్లో కొనుక్కుని నిన్ననే దిగుంటే, ఈ పాటికి పెసరట్టైనా ప్లైవుడ్డు సూర్యుడైనా మింగి కూర్చుని ఉండేవాడు. అక్క కూతురి పెళ్లికి అక్క తరఫు మనిషి వీధిలో నిలబడిపోయాడు. ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు.

అప్పుడు మెట్లమీద గజ్జెల చప్పుడైంది. భువన గబగబా దిగి గేటు దాకా వచ్చింది.

"ఏవండీ, నేను ఈ ఊరిదాన్నే కదా?" అని అడిగింది చక్రధరంగారిని.

"నిస్సందేహంగా."

"లోపలికి రావడానికి రూలుంది. బయటికెళ్లడానికి ఏవన్నా ఉందాండీ?"

ఆయన ఆలోచించారు. "స్థానికుల నిర్గమనంపై ఎట్టి ఆంక్షలూ లేవు."

"అయితే పీటలు బయటేయించు నాన్నా. ఈ షామియానా బానే ఉంది."

క్షణంలో అక్కడి రూపురేఖలు మారిపోయాయి. అధికారిగారి బల్ల మీద అక్షింతలూ తాళిబొట్టూ కొబ్బరిబోండాలూ వచ్చి కూర్చున్నాయి. ఆయన అడ్డు చెప్పలేదు. షామియానా కింద పెళ్లి చేయరాదన్న నిబంధన లేదు, లేని నిబంధన పెట్టే మనిషి ఆయన కాదు. సన్నాయివాళ్లు వేళ్లు నల్లబడి కూడా గేటు బయటికొచ్చి మేళం అందుకున్నారు.

గంపను తెచ్చి సరిగ్గా గేటు గీత మీద పెట్టారు. లోపల్నుంచి వచ్చి భువన అందులో కూర్చుంది. తాతబ్బాయి వంగి చేతులు చాపాడు.

"ఒక్క క్షణం," అన్నారు చక్రధరంగారు. "గంప సగం లోపల ఉంది. తమ చేతులు సరిహద్దు దాటుతున్నవి."

తాతబ్బాయి అలా వంగినవాడు వంగినట్టే తలెత్తి చూశాడు. చెంపల మీద తడి ఇంకా ఆరలేదు. చక్రధరంగారు ఆ మొహం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"మోచేతుల వరకు తాత్కాలిక ప్రవేశం మంజూరు చేయడమైనది."

రెండో వైపు పట్టడానికి ఇంకో మేనమామ లేడు. ఏసుపాదం చెప్పులు విడిచి ముందుకొచ్చాడు. "నేను పడతానండి. మా ఇంటిపక్కే ఉండేవోరు రత్నమక్క." ఇద్దరూ కలిసి ఎత్తారు. బరువు భుజాలకు తగలగానే తాతబ్బాయికి ఒళ్లంతా పులకరించింది. భువన ఆయన వీపు మీదికి వాలి, మొహం దాచుకుని నవ్వుతోంది. ఆ నాలుగడుగులూ నలభై అడుగులైనా బాగుండుననుకున్నాడు. పంతులుగారు గొంతెత్తారు, మేళం జోరందుకుంది. నడిరోడ్డు మీద, సందర్శన కేంద్రం షామియానా కింద, చెమ్మగిల్లిన కళ్ల మధ్య, నాగదీపు మూడు ముళ్లూ వేశాడు. అటుగా పోతున్న ఆటోలు కూడా ఆగి అక్షింతలు వేసి వెళ్లాయి.

అప్పుడిక అందరికీ ఆకలి గుర్తొచ్చింది. తాళి పడ్డాక ఉపవాసాలకు పని లేదు. ఎవరో పరిగెత్తుకెళ్లి హోటల్నుంచి మూడు అట్లు తెచ్చారు, ముగ్గురూ తిని బాగుందన్నారు, చిటికెనవేళ్లు నల్లబడ్డాయి. కొత్త దంపతులు ముందు, మిగతావాళ్లు వెనక గేటు వైపు నడిచారు. చక్రధరంగారు పెళ్లికొడుకు వేళ్లు చూసి దారిచ్చారు. పెళ్లికూతురి వేళ్లు చూసి చేయి అడ్డంపెట్టారు.

"తమరి నివాసం అమ్మా?"

"ఇదే ఊరని ఇందాకే చెప్పాను కదండీ."

"అది ఇందాకటి మాట. వివాహానంతరం తమ నివాసం తణుకు. శుభలేఖలో వరుని చిరునామా అదే ఉన్నది." ఆయన నొచ్చుకుంటూనే చెప్పారు. "తమరిప్పుడు ఈ ఊరికి అతిథి. సందర్శన పూర్తి చేసుకుని రావలెను."

నూకరాజు అప్పగింతలప్పుడు ఏడవాలని దాచుకున్న ఏడుపంతా అక్కడే ఏడ్చేశాడు. "పుట్టిన పిల్లండీ! ఈ ఊళ్లో పుట్టిన పిల్ల! నా పిల్ల నాకు అతిథేటండీ?" అని. నలుగురూ చక్రధరంగారి మీద విరుచుకుపడ్డారు.

సూరాయమ్మ లోపల్నుంచి గేటు దాకా వచ్చి, మోకాలు పట్టుకుని నిలబడింది. "ఆయన్నెందుకయ్యా అంటారు? ఆడపిల్ల పుట్టింటికి చుట్టవే అని మనవే గదా అనుకునేది? నా పెళ్లినాడు మా నాన్నా అన్నాడు. ఈయనేదో కాయితం మీద రాసుకున్నాడు, అంతే."

నూకరాజు ఏడుపు ఆగిపోయింది.

భువన మాత్రం చక్రధరంగారి చేతుల వైపు చూస్తోంది. "ఏవండీ, తమరిది ఏ ఊరు?"

"నివాసం అనకాపల్లి అమ్మా, రోజూ రైల్లో వచ్చి వెళతాను. ఎనిమిది నెలల క్రితం బదిలీపై..." అంటూ ఆయన ఆగిపోయారు. తన ఎడమచేతిని తానే చూసుకున్నారు. ఐదు వేళ్లూ తెల్లగా ఉన్నాయి. ఎనిమిది నెలలుగా ప్రతి పెళ్లిలోనూ ఆయన లోపలికి వెళ్లి, మర్యాదకు రెండు బూరెలు తిని వస్తూనే ఉన్నారు.

"తమకి వర్తించదులెండి అయ్యా," అన్నాడు ఏసుపాదం.

"వర్తించదని ఎక్కడా రాయలేదు ఏసుపాదం. రాసింది నేనే." చక్రధరంగారు చొక్కా గుండీ సరిచేసుకున్నారు. ఆయన మొహం పాలిపోయింది, నడక మాత్రం తడబడలేదు. "పద. మొదట నీళ్ల ట్యాంకే కదా?"

"మరి గేటండీ?"

"గేటు వద్ద ఉండుటకు నాకు అర్హత లేదు." ఆయన బస్సెక్కి, కిటికీ పక్క సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఏసుపాదం అందరికీ ఒక దణ్ణం పెట్టి వెంట వెళ్లాడు.

గేటు బార్లా తెరిచి ఉంది. జనం బిలబిలమంటూ లోపలికి నడిచారు. గుమ్మం దగ్గర భువన నిలబడిపోయింది.

"రామ్మా," అన్నాడు నూకరాజు.

"చుట్టాన్ని కదా నాన్నా. పిలవని పేరంటానికి ఎలా వత్తాను?" నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం నవ్వడం లేదు.

నూకరాజు తెల్లబోయాడు. నెలరోజులు ఊరూరూ తిరిగి నాలుగొందల మందిని పిలిచాడు. ఈ పిల్లను పిలవాలని ఎవరికి తోస్తుంది? పైగా బొట్టుపెట్టి పిలవడం ఆడవాళ్ల పని. ఆ పని చెయ్యాల్సిన మనిషి ఇంట్లో లేక, పక్కింటి వాళ్ల చేత పిలిపించాడు.

తాతబ్బాయి పళ్లెంలోంచి చిటికెడు కుంకుమ తీసుకున్నాడు. అటూ ఇటూ చూసి, మగవాడు ఇలా చెయ్యొచ్చో లేదో పంతులుగార్ని అడుగుదామనుకుని, అడగలేదు. భువనకు ఎదురుగా వచ్చి నిలబడి, ఆమె నుదుట బొట్టు పెట్టాడు.

"మా అక్క రత్నం కూతురి పెళ్లమ్మా," అన్నాడు. "అక్క రాలేక నన్ను పంపింది. తప్పకుండా వచ్చి, భోంచేసి వెళ్లాలంట."

భువన పమిట కొంగు భుజం నిండా కప్పుకుంది. పిలుపుకి వచ్చిన వాళ్లకు పెద్దలు బదులు చెప్పినట్టే చెప్పింది.

"అలాగేనండి. వత్తామని చెప్పండి," అని గుమ్మంలో కుడికాలు పెట్టింది.